లోపల వదలని అంగుళం

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదకొండేళ్ళు పనిచేశాను. అంటే పదకొండేళ్ళపాటు ఇతరుల పనిలో తప్పులు పట్టుకుని, వాటికి నంబర్లు వేసి, మర్యాదగా తిప్పి పంపాను. ఆ అలవాటు ఆఫీసులో ఆగలేదు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే నా కన్ను కూరల మీద కాకుండా, వడ్డించే ఆవిడ జాకెట్టు భుజం మీద పడేది. చంక దగ్గర ముడత కనబడితే ముద్ద దిగేది కాదు.

కుట్టు నేర్చుకున్నది గుంటూరులో, ఇంటర్ అయ్యాక వచ్చిన సెలవుల్లో. నేను చేరిన ట్రైనింగ్ సెంటర్లో మొదటి వారమంతా మిషన్‌లో దారం కూడా ఎక్కించనివ్వకుండా పాత న్యూస్‌పేపర్ మీద గీతలు కుట్టించారు. నాతో చేరినవాళ్ళు సగం మంది విసుగొచ్చి మానేశారు. నాకేమో రెండు లైన్ల మధ్య సందులోంచి సూది తిన్నగా పోతుంటే మహా సంబరంగా ఉండేది.

అమెరికా వచ్చి, ఇర్వింగ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్నేహితులకి ఊరికే కుట్టి పెట్టేదాన్ని. నా పనిలో నాకు నచ్చింది ఒకటే. జాకెట్టు తిరగేసి చూసినా బయట ఉన్నంత అందంగా లోపలా ఉండాలి. కుట్టు పక్కన మిగిలిన గుడ్డ మొత్తం కత్తిరించేసి, అంచు మడిచి, ఒక్క పోగు కూడా కనబడకుండా మూసేసేదాన్ని. చూసినవాళ్ళందరూ "ఇంత టాలెంట్ పెట్టుకుని ఆ ఉద్యోగం ఎందుకే? బొటిక్ పెట్టెయ్, మేం లేమా?" అనేవాళ్ళు.

గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదే మా ప్రాజెక్ట్ ఎత్తేశారు, దానితో పాటు నన్నూ. ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. వారం రోజులు రెజ్యూమె తెరిచి చూస్తూ కూర్చున్నాను, ఒక్క అక్షరం మార్చబుద్ధి కాలేదు. మా ఆయన అది గమనించి, "ఒక ఇయర్ ట్రై చెయ్. ఇల్లు నా శాలరీతో నడుస్తుంది. ఇయర్ అయ్యాక దీన్లో నీకంటూ ఒక జీతం మిగిలితే సరే. లేకపోతే రెజ్యూమె మళ్ళీ తీద్దాం" అన్నాడు. న్యాయమైన మాటే. గరాజ్‌లోంచి కారు బయటపెట్టి, మిషన్ లోపల పెట్టాను.

మేం లేమా అన్నవాళ్ళు నిజంగానే లేరు. ధర అడిగి, "అయ్యో, బాగుందే" అని, ఆ తర్వాత ఫోన్‌లో కూడా దొరకలేదు. కోపం వచ్చింది, ఎందుకు దాచాలి? నెమ్మదిగా ముక్కూమొహం తెలియనివాళ్ళు రావడం మొదలుపెట్టారు. వాళ్ళతో వచ్చిన తంటా ఇంకోటి. టేపు తీస్తే చాలు, రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. "మెజర్‌మెంట్స్ వద్దులే అండీ, ఆది జాకెట్టు తెచ్చాగా" అని సంచిలోంచి ఒక పాత జాకెట్టు తీసేవాళ్ళు. దాన్ని బట్టి అచ్చం అదే కొలతకి కుట్టాలన్నమాట. ఆ ఆది జాకెట్టు ఎప్పటిదో చూడగానే తెలిసిపోయేది, దాదాపు ప్రతిదీ పెళ్ళినాటిదే. మనిషిని చూస్తాను, జాకెట్టును చూస్తాను, మళ్ళీ మనిషిని చూస్తాను. కానీ "ఇది మీకు పడుతుందా?" అని ఎలా అడగను? మన మొహమాటం సంగతి తెలిసిందేగా. కళ్ళు మూసుకుని అదే కొలతకి కుట్టేసేదాన్ని. ఒకటీ అరా బిగుతుగా వచ్చినా, పాపం, వాళ్ళూ మొహమాటంతోనే ఊరుకున్నట్టున్నారు.

ఎనిమిదో నెలలో, అరగంట దూరంలో ఉన్న ఫ్రిస్కో నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళమ్మాయి హాఫ్ శారీ ఫంక్షన్. ఆవిడా, నలుగురు స్నేహితురాళ్ళూ కలిసి స్టేజీ మీద డాన్స్ చేస్తారు. ఐదుగురికీ ఒకే తానులోంచి నెమలికంఠం రంగు జాకెట్లు కావాలి. అప్పటివరకూ నాకొచ్చిన వాటిలో అంత పెద్ద ఆర్డర్ లేదు. హాలు నిండా జనం వస్తారు, అందరూ చూస్తారు, నా ఏడాది గట్టెక్కినట్టేనని లెక్కలు కూడా వేసుకున్నాను. ఐదు ఆది జాకెట్లు వచ్చాయి. ఐదూ ఐదు పెళ్ళిళ్ళవి. నోరు మూసుకుని, లోపలి అంచులు ముత్యాల్లా తీర్చి, బుధవారం ఇచ్చేశాను.

గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అక్కా, హుక్కులు పడ్తలేవు."

"ఎవరికి?"

"ఎవ్వరికీ పడ్తలేవు. ఊపిరి బిగబట్టి పెట్టుకుంటే పడ్తున్నయ్ గానీ, సాంగ్‌ల చేతులు పైకెత్తే స్టెప్ ఉంది. ఎల్లుండే ఫంక్షన్!"

"మరి ఆ ఆది జాకెట్లు మీకు సరిపోతున్నాయా?"

"ఫంక్షన్ వరకు వెయిట్ తగ్గుదామనుకున్నం అక్కా."

టేపూ, చాకుపీసూ, గుండుసూదులూ సంచిలో వేసుకుని హైవే ఎక్కాను. దారి పొడుగునా వాళ్ళని తిట్టుకున్నాను, ఫ్రిస్కో దగ్గరయ్యేకొద్దీ నన్ను నేను తిట్టుకున్నాను. ఐదుగురూ అక్కడే ఉన్నారు. నా చేతిలో టేపు చూసి నువ్వు ముందంటే నువ్వు ముందని ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన ఆ ఇంటావిడ అత్తగారు సోఫాలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆవిడ లేచి నా ముందుకొచ్చి రెండు చేతులూ చాపి నిలబడింది.

"ముందుగాల నాకు పెట్టు బిడ్డా. పెట్టి గట్టిగ చదువు, అందరు ఇనాలె."

చదివాను. నలభై నాలుగు. ఆవిడ కోడలివైపు తిరిగి, "ఇన్నవా? నలభై నాలుగట. ఏమన్న పిడుగు పడ్డదా? గాలి వదిలి నిలబడుండ్రి" అంది. ఇల్లంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి నంబరు వాళ్ళే గట్టిగా అరిచి చెప్పుకున్నారు, చప్పట్లు కూడా కొట్టారు.

ఈలోపు ఆ పెద్దావిడ నేను కుట్టిన జాకెట్టు ఒకటి తీసి తిరగేసింది. వేలితో కుట్టంతా తడిమింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

"పని సక్కగుంది. గని లోపల గుడ్డ ఏది?"

"నీట్‌గా ఉండాలని కట్ చేసేశానండీ."

"అంగుళమన్న ఇడిసిపెట్టకుంటే విప్పుకునేదెట్ల? మనిషన్నంక ఒక్కతీరుగ ఉంటదా? ఇది తిరగేసి చూసేటందుకు కుట్టినవా, తొడిగేటందుకు కుట్టినవా?"

ఎక్కడ ఏ దర్జీని అడిగినా లోపల గుడ్డ వదలమనే చెప్తాడు. నేనూ ఆ సెంటర్లో మొదటి నెలలోనే నేర్చుకున్నాను. నా సరదా కోసం దాన్ని కత్తిరించి పారేశాను. ఊరికే కుట్టి పెట్టినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు, ఊరికే వచ్చినదాన్ని ఎవరు అంటారు?

అదృష్టం కొద్దీ తానులో జానెడు గుడ్డ మిగిలి ఉంది. శుక్రవారం తెల్లవారగానే కూర్చుని ఐదు జాకెట్లకీ పక్క కుట్లు విప్పాను. నా చేతి కుట్లు ఎంత గట్టివో ఆ రోజే తెలిసింది, విప్పేసరికి వేళ్ళు బొబ్బలెక్కాయి. చంక కింద నుంచి నడుము దాకా రెండువైపులా పట్టీ అతికాను, ప్రతి కుట్టు పక్కనా అంగుళం గుడ్డ వదిలాను. లోపలంతా అతుకుల బొంతలా తయారైంది. చూస్తుంటే ఏడుపొచ్చింది. సాయంత్రం తీసుకెళ్ళి తొడిగించి, అందరి చేతా చేతులు పైకెత్తించి చూశాను. హుక్కులన్నీ పడ్డాయి.

శనివారం ఫంక్షన్‌కి నన్నూ పిలిచారు. నా కళ్ళు అమ్మాయి మీద లేవు, స్టేజీ అలంకరణ మీద లేవు, ఆ ఐదు జాకెట్ల మీదే ఉన్నాయి. పాట మొదలైంది. ఐదుగురూ ఒక్కసారి చేతులు పైకెత్తారు. నేను ఊపిరి బిగబట్టాను. ఒక్క కుట్టు కదల్లేదు. రెండోసారీ, మూడోసారీ ఎత్తారు, నవ్వుకుంటూ ఎత్తారు. ఆ అతుకులు హాలు మొత్తంలో నా ఒక్కదానికే కనబడ్డాయి. నిజం చెప్పాలంటే, ఏ జాకెట్టు చూసుకుని కూడా నేను అంత గర్వపడలేదు.

ఆ తర్వాత గరాజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను: ఆది జాకెట్టు తెచ్చినా సరే, టేపు తప్పదు. కొందరు అలిగి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఇంకో పదిమందిని తీసుకొచ్చారు. ఏడాది నిండేసరికి జీతం అని చెప్పుకోదగ్గది మిగిలింది, పాత జీతంలో సగం కూడా లేదనుకోండి.

మా ఆయన ఒక సాయంత్రం టీ తీసుకుని గరాజ్‌లోకి వచ్చాడు.

"ఇయర్ అయిపోయింది. ఏం చేద్దాం?"

"కంటిన్యూ చేస్తా," అన్నాను. "కానీ ఒకటి చెప్పనా? ఇదివరకులా ఆదివారం పూట సరదాగా మిషన్ ముందు కూర్చోవాలని ఇప్పుడు అనిపించట్లేదు. ఆ సరదా పోయింది. ఇది ఇప్పుడు పని."

"బాధగా ఉందా?"

"కొంచెం ఉంది. అందుకే సండే షాప్ క్లోజ్. నన్ను ఎక్కడికైనా తీసుకెళ్ళు."

"ఎక్కడికి?"

ఇద్దరం ఆలోచించాం. ఇద్దరికీ ఏమీ తోచలేదు. ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం నేను మిషన్ ముందే ఉన్నాను. ఆయన పక్క గదిలో టీవీ సౌండ్ పెంచుకుని, ఆ చప్పుడులో ఒక్కడే కూర్చునేవాడు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

"డ్రైవ్ చేస్తూ ఆలోచిద్దాంలే," అన్నాడు. నేను మిషన్ స్విచ్ తీసేశాను.