పోలికకు ఐదుగురు గర్భిణులు

అక్కను తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చేనాటికి ఆమెకు ఏడో నెల. బీపీ బాగా ఎక్కువగా ఉంది. కాళ్లూ కనురెప్పలూ ఉబ్బాయి. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. ఈ మూడింటికీ రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, గర్భంతో పాటు వచ్చే బీపీ జబ్బు. దానికి మందు ఒక్కటే, బిడ్డను బయటికి తీసేయడం. రెండు, అక్కకు పెళ్లికి ముందు నుంచీ ఉన్న లూపస్ తిరగబెట్టి కిడ్నీల మీద పడటం. అదే అయితే స్టీరాయిడ్ పెద్ద మోతాదులో ఇచ్చి, బిడ్డను కడుపులోనే కొన్ని వారాలు నిలుపుకోవచ్చు. మొదటి జబ్బుకు రెండో వైద్యం చేస్తే బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, తల్లే పోవచ్చు. రెండో జబ్బుకు మొదటి వైద్యం చేస్తే బిడ్డ పోవచ్చు. తొంభైల చివర్లో మా ప్రాంతంలో ఏడో నెల బిడ్డ బతుకుతుందని ఏ డాక్టరూ మాట ఇచ్చేవారు కాదు.

ప్రసూతి వార్డు డాక్టరమ్మ మొదటిదే అనుకుంటోంది. అలాంటి కేసులు ఆమె రోజూ చూస్తుంది. లూపస్ ఉన్న గర్భిణి ఎప్పుడో ఒకరు వస్తారు.

నేను అదే ఊళ్లో ఒక పరిశోధనశాలలో స్కాలర్‌ని. మా పని లూపస్ మీదే. అక్క కోసమే ఈ పనిలోకి వచ్చానని బంధువులు అనుకునేవారు. నిజానికి ఆ ఏడాది ఖాళీగా ఉన్న ఫెలోషిప్ అదొక్కటే. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ శరీరం మీదికే తిరగబడటం ఈ జబ్బు. ఆ దాడిలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు రక్తంలో నుంచి ఖర్చయిపోతాయి. ఆ ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు కొన్ని కుటుంబాల్లో లోపిస్తున్నాయా, మేనరికాలు ఎక్కువున్న మా జిల్లాలో ఆ లోపం ఒకే ఇంట్లో పోగవుతోందా అన్నది మా గైడు మేడమ్ వెతుకుతున్న విషయం. ఊళ్లు తిరిగి రక్తం తెచ్చే పని నాది.

లూపస్ మాత్రలు క్రమంగా వేసుకుంటోందా అని డాక్టరమ్మ అడిగినప్పుడు అమ్మ వేసుకుంటోందనే చెప్పింది. అక్క గోడ వైపు ఒత్తిగిలింది. కాసేపటికి వరండాలో కుళాయి దగ్గర అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మాత్రలు నేనే ఆపినా. ఐదో నెల్లో మనింటికొచ్చినప్పట్నుంచి ఇయ్యలా. అంత గట్టి మందులు కడుపులో బిడ్డకు తగల్తాయని ఆపినా."

"అక్క అడగలేదా?"

"ఆ మాత్రలకు మొగం ఉబ్బతా ఉండాదని దానికీ ఇష్టం లేదు. మీ బావకు చెప్పొద్దురా."

బావ సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని రైల్లో వస్తున్నాడు. బావ సంగతి తర్వాత చూసుకోవచ్చు. డాక్టరమ్మకు మాత్రం వెంటనే చెప్పేశాను. ఆమె అమ్మను తిట్టలేదు. లూపస్ అనుమానం పెరిగింది, అంతే, రుజువు కాలేదు అంది. బీపీ మందు మోతాదు పెంచింది.

అక్క రక్తంలో కాంప్లిమెంట్ కొలుద్దామని మేడమ్‌ను అడిగాను. మా పరీక్షలు పరిశోధన కోసమే, వైద్యానికి ఫలితాలిచ్చే ల్యాబు కాదు మాది. ఆమె ఆ మాట ఒకసారి గుర్తుచేసి, ప్లేటు తీయమంది. గాజు పలక మీద జెల్లీలాంటి అగార్ పొర, అందులో సన్నటి గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి సీరమ్, అంటే రక్తం మీద తేలే తేట, చుక్క వేస్తే, మర్నాటికి దాని చుట్టూ తెల్లటి వలయం కడుతుంది. ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే వలయం అంత పెద్దది. పోల్చి చూసుకోవడానికి ఆరోగ్యవంతుల సీరమ్ పక్కన వేస్తాం. మా ఫ్రిజ్‌లో ఉన్న ఆరోగ్యవంతులు నేను, మా అటెండరు, హాస్టల్ మిత్రులు ఇద్దరు.

మర్నాడు చూస్తే అక్క వలయం నా వలయమంతే ఉంది.

ఆ మాట విని డాక్టరమ్మ తేలికపడింది. కాంప్లిమెంట్ తగ్గలేదు, కాబట్టి లూపస్ కాదు, ఆపరేషన్‌కు సిద్ధం చేద్దాం అంది. నేను మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. గర్భంలో ఈ ప్రోటీన్లు మామూలుకంటే పెరుగుతాయని చదివి ఉన్నాను. పెరగవలసిన చోట మగవాళ్లతో సమానంగా ఉంటే, అది తగ్గినట్టే కదా. మేడమ్ పుస్తకం పట్టుకుని నాతో పాటు వార్డుకు వచ్చింది.

"పుస్తకంలో ఉన్నది విదేశీ ఆడవాళ్లు, మీ ప్లేటులో ఉన్నది మగవాళ్లు, నా మంచం మీద ఉన్నది ఈ అమ్మాయి. దేన్ని నమ్మి ఆపమంటారు?" అంది డాక్టరమ్మ.

మా ప్రాంతపు గర్భిణుల్లో ఇది ఎంత ఉండాలో మేమెప్పుడూ కొలవలేదు. మేడమ్ ఒక్క రోజు గడువు ఇమ్మంది. మర్నాడు పొద్దున వరకు ఆగుతానని డాక్టరమ్మ ఒప్పుకుంది. ఈలోగా బీపీ ఇంకా పెరిగినా, తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా ఎవరినీ అడగకుండా థియేటర్‌కు తీసుకెళతానంది.

నేను బయటికి వస్తుంటే అక్క చెయ్యి పట్టుకుంది. వలయాల సంగతి చెప్పబోయాను.

"నీ లెక్కలు నాకొద్దురా. బిడ్డ ఉంటాదా, పోతాదా? అది చెప్పు."

రేపు పొద్దున చెబుతానన్నాను.

ఆ రోజు గర్భిణుల ఓపీ ఉంది. హిమోగ్లోబిన్ పరీక్షకు ఎలాగూ సూది గుచ్చుతారు. ఒప్పుకున్నవాళ్ల దగ్గర మాత్రం, ఇంకో చెంచాడు ఎక్కువ తీసుకోవడానికి అనుమతి దొరికింది. నాకు కావలసినవాళ్లు ఏడో నెలలో ఉండాలి, బీపీ ఉండకూడదు, మూత్రంలో ప్రోటీన్ ఉండకూడదు. వరుస వెంట అడుగుతూ వెళ్లాను. మొదట అడిగినవాళ్లు తల అడ్డంగా ఊపారు. కడుపుతో ఉన్న మనిషి రక్తం ఊరికే ఎవరిస్తారు? శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒకావిడ పక్కన ఆమె అత్త కూర్చుని ఉంది. ముందు అత్తే అందుకుంది.

"ఉండే రత్తమే సాలదని మాత్రలిస్తా ఉండారు. దాంట్లో నీకు పంచేదానికి యాడుందప్పా?"

ఆమె అన్నది న్యాయమే. పక్కకు జరగబోయాను. కోడలు పిలిచి అడిగింది. "నా రత్తం తీసకపోయి ఏం జేస్తావు?"

"మా అక్క రక్తం పక్కన పెట్టి చూస్తా. ఆమెకు బాగలేదు."

"ఎన్నో నెల?"

"ఏడు."

"నాకూ ఏడే." చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపింది.

"బిడ్డ సన్నంగా పుట్టిందనుకో, నీ ఇల్లు ఎతుక్కోనొస్తా" అంది అత్త. ఆమె అంతటితో ఊరుకోలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్లకు నా తరఫున తనే సంగతి చెప్పింది, నాకంటే బాగా చెప్పింది. ఓపీ మూసేలోగా ఐదుగురు దొరికారు.

ల్యాబుకు వచ్చేసరికి కరెంటు లేదు. ఎండకు రక్తం నిలవ ఉంటే ఈ ప్రోటీన్ విరిగిపోయి వలయం తప్పు చూపిస్తుంది. రక్తం నుంచి సీరమ్‌ను విడదీయడానికి, మూలన పడి ఉన్న చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్‌ను బల్లకు బిగించి, అటెండరూ నేనూ వంతులేసుకుని తిప్పాం. అక్క నుంచి కూడా కొత్తగా తీసిన రక్తాన్నే, మిగతావాటితో సమానంగా తిప్పి, అదే ప్లేటులో వేశాను. ఏ గుంటలో ఎవరిదో తనకు చెప్పకూడదని మేడమ్ షరతు పెట్టింది. తెలిస్తే కన్ను అటే మొగ్గుతుందంది.

పొద్దున ఆమె ప్లేటును దీపం మీద పెట్టి, కొలబద్దతో ఒక్కో వలయాన్నీ అడ్డంగా, నిలువుగా కొలుస్తూ అంకెలు పైకి చదివింది. పెద్దది. పెద్దది. మూడోది అక్కది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఆమె ఆ వలయాన్ని రెండుసార్లు కొలిచింది. చిన్నది. తర్వాత పెద్దది, మళ్లీ పెద్దది. చివరి వలయం మాత్రం అక్కదానికంటే కాస్త పెద్దది, అంతే.

డాక్టరమ్మ వేలు సరిగ్గా ఆ చివరిదాని మీదే పెట్టింది. ఐదుగురితో ఏం తేలుతుందని అడిగింది.

"తేలదు. వంద మందితో చెప్పవలసిన మాట ఇది. కానీ నిన్న నార్మల్ అన్నాం చూడండి, ఆ మాట మాత్రం తప్పు" అంది మేడమ్.

డాక్టరమ్మ అక్క మూత్రాన్ని ఇంకోసారి మైక్రోస్కోపు కింద తనే చూసింది. ఎర్రకణాలు ముందు రోజుకంటే ఎక్కువ కనబడ్డాయి, లూపస్ కిడ్నీల మీద పడిందనడానికి అదో గుర్తు. బీపీ మందులకు కొంచెం లొంగింది. మాత్రలు ఆపిన సంగతి ఎలాగూ ఉంది. అవన్నీ కలిపి, నిలబడే, కేస్‌షీటులో స్టీరాయిడ్ రాసింది. సెలైన్ స్టాండు పక్కన స్టూలు వేయించుకుని మధ్యాహ్నం వరకు కదల్లేదు. బీపీ పట్టీ బిగించిన ప్రతిసారీ ఆ పాదరసం ఎక్కడ ఆగుతుందా అని రైలు దిగి వచ్చిన బావా, నేనూ, అమ్మా చూశాం. పెరగలేదు.

ఆ తర్వాతి వారాలు కూడా సుఖంగా ఏమీ గడవలేదు. నాయన చెరకు గానుగ ఎవరికో ఒప్పజెప్పి వచ్చి వార్డు బయటే ఉన్నాడు. వాపు తగ్గేది, మళ్లీ కనబడేది. తొమ్మిదో నెల పడగానే బీపీ మళ్లీ ఎగబాకింది. ఇక ఆగనని చెప్పి డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. మగబిడ్డ, బరువు తక్కువ. కానీ ఏడ్చాడని నర్సు వచ్చి చెప్పింది. మెడ చుట్టూ పేగు వేసుకుని పుట్టాడని కూడా చెప్పింది.

అది విని అమ్మ నా దారికి అడ్డంగా నిలబడింది. అలా పుట్టిన బిడ్డను మేనమామ నేరుగా చూడకూడదు, ముందు నూనెలో వాడి నీడ చూడాలి. గిన్నెలో నువ్వుల నూనె ఎప్పుడు తెప్పించిందో తెలియదు. నేను వాదించలేదు. గాజు తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాను. లోపల నుంచి నర్సు విసుక్కుంటూనే బిడ్డను తలుపు దాకా తెచ్చి ఎత్తి చూపించింది. అమ్మ గిన్నెను నా ముందు అటూ ఇటూ వంచి నీడ పడ్డచోట ఆపింది.

అక్కను వార్డుకు తెచ్చాక లోపలికి వెళ్లాను. మత్తు పూర్తిగా దిగలేదు. కిడ్నీల సంగతి ఇంకా ఏదీ తేలలేదు. మూత్రంలో ప్రోటీన్ అలాగే పోతోంది. కళ్లు తెరిచి నన్ను చూసింది.

"సూసినావా?"

"నూనెలో చూసినా."

"ఎట్లుండాడు?"

"కదలతా ఉండాడు" అన్నాను.