చలమయ్య పికప్పు వెనక తొమ్మిది దీపాలు

చలమయ్య బాబాయికి ఉన్నది ఒక్కటే పిచ్చి. తన పికప్పు వెనక ఇంకో దీపం బిగించాలి. ఎన్ని బిగించినా ఇంకొకటి. బండి ముందు రెండు దీపాలుండేవి. ఒకటి ఎప్పుడో కన్నుమూసింది. రెండోది ఒక గతుకులో వెలిగి ఇంకో గతుకులో ఆరేది. వెనక మాత్రం 1964 నాటికి తొమ్మిది.

ఆ తొమ్మిదీ నేను బిగించినవే. సత్తెనపల్లిలో పత్తి మిల్లు ఎదురుగా నాకో రేకుల షెడ్డుండేది. బోర్డు లేదు. మాబు సాహెబ్ షెడ్డంటే ఎవరైనా చూపించేవాళ్లు. పని నాకు ఎవరూ నేర్పలేదు. విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను.

బాబాయి బండి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన పికప్పు. ముందు ఇద్దరికి చోటు, వెనక తొట్టిలో ఇరవై మిరప బస్తాలు పట్టేవి. చేల నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి సత్తెనపల్లికి సరుకు తోలడం ఆయన పని. మొదటి దీపానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

"మాబూ, వెనక ఒక లైటు కావాలిరా. రివర్సుకి."

"దానికేముంది బాబాయ్. రివర్సు గేరు వెయ్యగానే వెలిగేట్టు కడతాను."

"గేరుకొద్దు. స్విచ్చి పెట్టు. నా చేతికందాలి."

"రివర్సు లైటంటే గేరుతోనే వెలగాలి. లేకపోతే అది రివర్సు లైటెట్టా అవుద్ది?"

"నువ్వు పెట్టు. అదేమవుద్దో నే చూసుకుంటాగా."

పెట్టాను. పద్ధతి కాని పని చేసినందుకు రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడో నెలలో మళ్లీ వచ్చాడు, చంకలో పాత బస్సు దీపంతో. తర్వాత కాలవలో పడ్డ మోటారు సైకిలుది ఒకటి తెచ్చాడు. ఆ తర్వాత పెళ్లి ఊరేగింపు కారుది, చుట్టూ జరీ కాగితం ఇంకా అంటుకునే ఉంది. అన్నీ ఒకేసారి వేస్తే ఇంజను మూలిగేది. పెద్ద డైనమో వేశాను, బ్యాటరీ మార్చాను. ఆయన వచ్చినప్పుడల్లా పక్కన టీ కొట్టు అంకారావు కేకేసేవాడు.

"ఏం చలమయ్యా, ఆ బండికి మొహం ఎటుందయ్యా?"

"నువ్వు ఎటు నిలబడితే దానికి అవతలే."

"ఇన్ని దీపాలేసుకుని వెనక్కి ఎంత దూరం పోతావ్, గుంటూరా?"

"నీ బాకీ కట్టకుండా పోవాలిగా, ఎంత దూరమైతే ఏం?"

అసలు తమాషా ఏమిటంటే, చలమయ్య బాబాయికి బండిని వెనక్కి నడపడం రాదు. బొత్తిగా రాదు. ఒకసారి మిల్లు గేటు దగ్గర ప్రయత్నించి అంకారావు బెంచీని ఇద్దరు మనుషులతో సహా మురుగ్గాలవ దాకా నెట్టుకుపోయాడు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే, గ్లాసులు పట్టుకున్నట్టే వెళ్లారు. ఒకాయన టీ తాగడం కూడా ఆపలేదు. ఆ రోజు నుంచి బండి తిప్పాల్సి వస్తే బాబాయి పక్క ఊరు చుట్టి మూడు మైళ్లు తిరిగి వచ్చేవాడే కానీ, వెనక్కి ఒక్క గజం పోయేవాడు కాదు.

ఒక వేసవిలో ఆయన గేరు పెట్టె విప్పాను. రివర్సు గేరు పళ్లు మిలిటరీ వాళ్లు ఇచ్చిన నాటి నునుపుతో మెరుస్తున్నాయి. ఒకటో గేరు పళ్లు మాత్రం ముసలివాడి పళ్లలా అరిగిపోయాయి. క్లచ్చి ప్లేటు మాడి నల్లబడింది. మనుషులు అబద్ధం చెప్పొచ్చు కానీ పళ్లు చెప్పవు.

"బాబాయ్, నువ్వు వెనక్కి పోయిందే లేదు. ఒకటో గేరులో మైళ్లకు మైళ్లు పాకిస్తున్నావు. ఎక్కడికి?"

"ఎండ బాగా ముదిరింది కదూ మాబూ," అన్నాడు.

ఇలా ఉండగా కొంప మునిగింది. ఒక సాయంత్రం చేలదారి నుంచి రోడ్డెక్కేటప్పుడు ఆయన స్విచ్చి ఆపడం మరిచిపోయాడు. వెనక వస్తున్న నరసరావుపేట బస్సు డ్రైవరు, ఎదురుగా ఏదో పెద్ద లారీ వస్తోందనుకుని, బస్సును పక్కకి దించి దారిచ్చాడు. ప్రయాణికులు దిగి చుట్టలు కాల్చుకున్నారు. కాసేపటికి డ్రైవరుకి అనుమానమొచ్చింది. వచ్చే లారీ ఎంతకీ రాదే! వెలుగు చూస్తే అంతకంతకీ చిన్నదవుతోంది! సంగతి తెలిశాక కళ్లు నలుపుకుంటూ వెళ్లి బ్రేకు ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టరు మంచివాడే, కానీ కచ్చితమైనవాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఒకటి ఉంచుకో. మిగతావి సోమవారం లోపు తీసెయ్యాలి. లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వను, బండి ఇంట్లో పెట్టుకో."

బాబాయి నా షెడ్డుకొచ్చి పీపా మీద కూలబడ్డాడు. అంకారావు ఎన్ని మాటలన్నా బదులివ్వలేదు. అది చూసి అంకారావే భయపడి టీ ఊరికే పంపించాడు.

"మాబూ, మిరప కోతలు ఇంకా రెండు వారాలున్నాయిరా. అప్పటిదాకా ఆపలేవా?"

"దీపాలకీ కోతలకీ ఏం సంబంధం బాబాయ్?"

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. ఈ మనిషిని అడిగి లాభం లేదని, "వైర్లు చూడాలి, నీతో వస్తా" అని ఆ సాయంత్రం బండెక్కాను.

చేలో ఎర్రగా పరిచిన కల్లం దగ్గర బస్తాలు ఎక్కించేసరికి పొద్దుగూకింది. బండి కదలబోతుండగా, కొంగులు దులుపుకుంటూ పాతికమంది కాయకోత కూలీలు వచ్చి బండి వెనక వరస కట్టారు. ముందు నిలబడ్డ పెద్దావిడ పేరమ్మ తొట్టి మీద అరచేత్తో కొట్టింది.

"ఏం చలమయ్యా, పొడిపించు నీ సూర్యుణ్ణి! చీకట్లో దోమలు నన్నే పోల్చుకుంటున్నాయ్."

టక్కున స్విచ్చి పడింది. నల్లరేగడి డొంక తెల్లగా లేచి కూర్చుంది. బండి ఒకటో గేరులో, మనిషి నడక కన్నా కాస్త నెమ్మదిగా కదిలింది. వెనక ఆ వెలుగులో కూలీలు నడవసాగారు. నేను దిగి వాళ్లతో కలిశాను. ఊరు రెండు మైళ్లు.

"ఎన్నాళ్లనుంచి ఇట్టా?" అనడిగాను.

"మూడేళ్లు. మా చెంచమ్మ ఇదే డొంకలో కట్లపాముని తొక్కింది," అంది పేరమ్మ.

"నేను తొక్కలా, అదే నా కాలి కిందకొచ్చింది," అంది వెనకనుంచి చెంచమ్మ. "కరవకుండా పోయింది, నా నోటికి జడిసి."

"ఆ మర్నాడే ఒక దీపం పెట్టించుకొచ్చాడు. తర్వాత మేం ఎక్కువమందిమయ్యాం. వెనకోళ్లకి దారి కంటికి ఆనట్లేదు అన్నామో లేదో, ఇంకోటి. ఇదుగో, ఇప్పటికి తొమ్మిది."

ఆ తొమ్మిది దీపాలూ బిగించిన నేను వాటి వెలుగులో నడవడం అదే మొదటిసారి. నాలుగోది, ఏడోది వంకరగా బిగించానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. పరిగెత్తి బాబాయి పక్కన ఎక్కాను.

"వీళ్లని బండిలో ఎక్కించుకోవచ్చుగా?"

"సరుకు బండిలో మనుషుల్ని ఎక్కిస్తే కేసురా. ఒకసారి రాశారు. ఇంకోసారైతే పర్మిట్టు పోద్ది."

"మరి ఇది ఇన్‌స్పెక్టరుకి చెప్పొచ్చుగా?"

"చెబితే అంకారావు నోట్లో పడద్ది. ఆడాళ్లకి దీపం పట్టే చలమయ్య అంటాడు, చచ్చేదాకా. దీపాల పిచ్చోడంటే నాకు బాగానే ఉంది. నువ్వూ నోరు మూసుకో."

మూసుకున్నాను. నోటికి పని లేకపోతే చేతులు బాగా ఆడతాయి. ఎనిమిది దీపాలు విప్పి ఒక టేకు పలకకి బిగించాను. పలకకి రెండు కొక్కేలు. తొట్టికి తగిలించి ప్లగ్గు పెడితే వెలుగు. తీస్తే ఉత్త పలక. నాలుగోది, ఏడోది ఈసారి తిన్నగా బిగించాను.

సోమవారం ఇన్‌స్పెక్టరు మకాం ఉన్న బంగళా ఆవరణలో ఆయన బండి తొట్టిలోకి తొంగి చూశాడు.

"ఏమిటా పలక?"

"రోడ్డు మీద తగిలించం సార్," అన్నాను. "చేలదారిలోనే. అక్కడ వెనకనుంచి బస్సులు రావు."

"చేలదారిలో మాత్రం ఇన్నెందుకు?"

బాబాయి నా వంక గుడ్లురిమి చూసి, "వెనక్కి పోవడానికండి," అన్నాడు.

"అలాగా? ఏదీ, ఆ గేటు దాకా వెనక్కి పోనియ్, చూస్తాను."

బాబాయి బండెక్కాడు. మూడేళ్లుగా వాడని గేరు మహా కష్టం మీద పడింది. బండి గేటు వైపు బయల్దేరి, దారిలో మనసు మార్చుకుని, పూలతొట్ల వైపు తిరిగింది. ఒకటి, రెండు, మూడు. బంట్రోతు ఫైళ్లతో సహా అరుగెక్కాడు. ఆఖరికి బండి తుమ్మ కంచెలో దిగబడి ఆగింది. పట్టపగలు, నిలువెత్తు ఎండలో.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు నవ్వలేదు. ఆపుకున్నాడు. తర్వాత ఇక ఆపుకోలేకపోయాడు. కళ్లు తుడుచుకుని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

"ఈయనకి తొమ్మిది ఏం చాలతాయయ్యా! ఇంకో నాలుగు పెట్టు. రోడ్డు మీద మాత్రం పలక దించాలి. పగిలిన పూలతొట్లు కొనివ్వండి."

ఆ ఆనందంలో నేను ఒక పొరపాటు చేశాను. బాబాయికి చెప్పకుండా, నా సొంత ఖర్చుతో, బండి ముందువైపు చచ్చిపోయిన దీపానికి కొత్త బల్బు వేశాను. మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు బండి ఆగింది.

"ఒరేయ్ మాబూ! ముందు దీపం ఎవడడిగాడ్రా నిన్ను?"

"నీకు దారి కనపడొద్దా బాబాయ్?"

"మూడేళ్ల నుంచి తోలుతున్నా, దారి నాకు తెలీదా? నిన్న కోతకి ఇంకో ఇద్దరు కొత్తగా చేరారు." గొంతు తగ్గించి, అంకారావు కొట్టు వైపు ఒకసారి చూసి అన్నాడు. "ఆ బల్బు పీకి పలకకి పెట్టు."