పై బల్బు, కింది బల్బు

మిరపకాయల సీమలో పుట్టి ఎరుపు తెలియని మనిషి ఉన్నాడంటే ఎవరైనా నవ్వుతారు. త్రికోటయ్య ఆ నవ్వుకు భయపడి ముప్పై ఏళ్ళు బతికాడు. చివరికి ఆ భయానికి ఇంకో మనిషి బలైపోయాడు. మనిషి ప్రాణం తీయాలంటే కత్తే కావాలా ఏమిటి? పెద్దమనిషి తరహాగా "బాగుందమ్మా" అన్న ఒక్క మాట చాలు.

త్రికోటయ్యది నాదెండ్ల దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ వయసులో రైల్వేలో ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాడు, పరుగులో ముందున్నాడు. ఆఖర్న డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. చుక్కలున్నాయి గానీ అంకె ఎక్కడుంది? డాక్టరు పుస్తకం మూసేసి ఎరుపూ ఆకుపచ్చా నీకు ఒకటేనోయ్ అని చెప్పి పంపేశాడు. ఊరికొచ్చి, ఎత్తు చాలలేదన్నారని చెప్పుకున్నాడు. తాటిచెట్టంత మనిషికి ఎత్తు చాలకపోవడం ఏందిరా అని ఒక్కడంటే ఒక్కడు అడిగితే ఒట్టు.

పెళ్ళైన కొత్తలో భార్య ప్రభావతి పచ్చడికి పండు మిరపకాయలు కోసుకురమ్మంటే సగం పచ్చివి కోసుకొచ్చాడు.

"ఏందయ్యా ఇది, కళ్ళు చేలో పారేసుకొచ్చావా?" అని పకపకా నవ్వింది. ఆయన మొహం చూసి ఆపేసింది. గట్టు మీద కూర్చోబెట్టుకుని ఉన్న సంగతంతా చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయనకు చొక్కా ఆవిడే కొనేది, టమాటాలు ఆవిడే ఏరేది. మూడో కంటికి తెలియనివ్వలేదు.

చిలకలూరిపేట పోయే దారిలో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజి ఒకటుంది. అందులో త్రికోటయ్య మెషిన్ ఆపరేటరు. ఎండుమిర్చి మూటలు పేర్చే పెద్ద పెద్ద గదులను చాంబర్లంటారు. అలాంటివి ఎనిమిది. ఒక్కో దాంట్లో చెక్క అటకలు అయిదంతస్తులు. వాటిని చల్లబరిచే గొట్టాల్లో అమ్మోనియా గ్యాసు తిరుగుతుంది. అది గొట్టం దాటి బయటికొచ్చిందంటే మనిషి ఊపిరి అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకని మెషిన్ రూము గోడ మీద, గ్యాసు ఉందో లేదో చెప్పే పెట్టె ఒకటి ఉండేది. ఒక్కో చాంబరుకి రెండు బల్బులు, ఒకటి పైన, ఒకటి కింద. పైది ఎర్రదట, కిందిది పచ్చదట. రంగులతో ఆయనకేం పని? పైన వెలిగితే ఆగు, కింద వెలిగితే పో. ఇరవై ఆరేళ్ళు ఒక్క పొరపాటు జరగలేదు.

స్టోరేజి యజమాని పెద్దాయన పోయాక కొడుకు వెంకటేష్ గద్దెనెక్కాడు. వచ్చీ రావడంతోనే కంప్యూటర్లు పెట్టించాడు. ఏ రైతు మూటలు ఏ అంతస్తులో ఉన్నాయి, ఏ లారీకి ఏవి ఎక్కాలి, ఏ చాంబరు ఎట్లా ఉంది, అన్నీ ఒకే తెర మీద కనపడాలన్నాడు. ఆ తెర గీసిన అమ్మాయి భావన. నాదెండ్ల పిల్లే, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. చెప్పుకోవాలంటే మంచి పిల్ల. తెర ముందు కూర్చునే మనిషికి పని సులువుగా ఉందా లేదా చూడాలని, ఏసీ గదిలో కూర్చోకుండా వచ్చి రెండు రోజులు త్రికోటయ్య పక్కన స్టూలు వేసుకు కూర్చుంది. నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉంది.

గోడ మీది పెట్టె పీకేశారు. తెర మీద ఎనిమిది గడులు, గడికో చుక్క. గ్యాసు లేకపోతే పచ్చ చుక్క, ఉంటే అదే చుక్క ఎర్రగా మారుతుంది. పైనా లేదు, కిందా లేదు. త్రికోటయ్యకి మళ్ళీ ఆ చుక్కల పుస్తకమే ఎదురొచ్చి కూర్చుంది.

"రంగులు స్పష్టంగా తెలుస్తున్నాయా బాబాయ్? ఏమైనా మార్చమంటావా?" అని అడిగింది భావన.

అడిగింది, పాపం. మనసారా అడిగింది. కానీ వెంకటేష్ పక్కనే నిలబడి ఉన్నాడు. "ముసలోళ్ళకి ఇది ఎక్కకపోతే చెప్పండి, కంప్యూటరొచ్చిన కుర్రాణ్ణి పెట్టుకుంటా" అని అంతకు ముందే నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటే ఎక్కువ దిగుతుంది. యాభై మూడేళ్ళ వయసులో ఇంకెవడిస్తాడు పని?

"బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు త్రికోటయ్య. భావన సంతోషంగా రాసుకుంది.

మొదట్లో చుక్క మారినప్పుడు కుయ్యోమని మోత కూడా వచ్చేది. తలుపు తీసినా మోగుతోంది, సరుకు చూడటానికొచ్చిన వ్యాపారులు బెదిరిపోతున్నారని వెంకటేష్ దాన్ని ఆపేయించాడు. ఇక మిగిలింది చుక్కే. "ఒరే, కళ్ళజోడు మర్చిపోయానురా, అయిదో దాంట్లో ఏముందో చూడు" అని దారినపోయే వాళ్ళనల్లా అడుగుతూ త్రికోటయ్య అయిదు నెలలు నెట్టుకొచ్చాడు. చుక్క ఎర్రబడితే కాస్త మసకగా ఉంటుందని కూడా కనిపెట్టాడు. దాన్నే పట్టుకుని వేళ్ళాడాడు.

డిసెంబరు నెలలో ఒక పొద్దున, పదకొండు గంటలవేళ. కిటికీలోంచి ఎండ సరిగ్గా తెర మీద పడుతోంది. హమాలీ ఆరోగ్యస్వామి చేతిలో చీటీతో మెషిన్ రూములోకి తల పెట్టాడు. అయిదో చాంబరు పై అంతస్తులో పదిహేను మూటలు దించాలి.

"కోటన్నా, లోపల కాస్త ఘాటుగా ఉంది. పోవచ్చా?"

మిర్చి మూటలున్న చోట కొద్దో గొప్పో ఘాటు ఎప్పుడూ ఉండేదే. త్రికోటయ్య తెర వంక చూశాడు. ఎండకి అన్ని చుక్కలూ వెలవెలబోతున్నాయి. 'నువ్వే ఇటొచ్చి చూడరా' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వరండాలో వెంకటేష్ ఫోను మాట్లాడుతూ పచార్లు చేస్తున్నాడు, వింటాడేమో.

"పచ్చగానే ఉందిరా, పో" అన్నాడు.

అమ్మోనియా గాలికంటే తేలిక, పైకెక్కుతుంది. కింది అంతస్తులో మిర్చి ఘాటులాగే ఉంది. అయిదో అంతస్తుకెక్కేసరికి ఆరోగ్యస్వామికి ఊపిరందలేదు. దిగబోయి, అటకల మధ్య సందులోంచి కిందికి పడ్డాడు. మిగతా హమాలీలు తడిగుడ్డలు మొహాలకు చుట్టుకుని బయటికి లాక్కొచ్చేసరికి అయిపోయింది.

సాయంత్రం వెంకటేష్ ఒక కాయితం తెచ్చాడు. ఆపరేటరుని అడక్కుండా, రూలు తప్పి హమాలీ లోపలికి పోయాడని అందులో ఉంది. "సంతకం పెట్టు కోటయ్యా. నీకూ మంచిది, నాకూ మంచిది" అన్నాడు. ఆయనకు త్రికోటయ్య కళ్ళ సంగతి తెలియదు. ఆపరేటరు ఏమరుపాటున ఉన్నాడనుకున్నాడు, అంతే. త్రికోటయ్యకి దొంగకు తేలు కుట్టినట్టయింది. పెట్టేశాడు.

సమాధుల దొడ్లో అందరికంటే వెనక నిలబడ్డాడు. పాస్టరుగారు వాక్యం చదువుతున్నా ఆరోగ్యస్వామి భార్య కరుణమ్మ ఊరుకోలేదు. శవపెట్టె మీద పడి కొడుతోంది. "నీకేం తొందరొచ్చిందయ్యా? ఒక్క మాట అడిగి పోతే నీ నోరు అరిగిపోద్దా? ఇద్దరు బిడ్డలున్నారని గుర్తు లేదా నీకు? నీ తలపొగరు పాడుగాను!" పెట్టె గుంటలోకి దిగేదాకా తిడుతూనే ఉంది. త్రికోటయ్య అవన్నీ విన్నాడు.

నాలుగో రోజున కరుణమ్మ త్రికోటయ్య ఇంటికొచ్చింది. గడపలోనే నిలబడింది.

"అన్నా, నాకు పరిహారం రాకపోతే పోయింది. నా మొగుడు అడక్కుండా పోయే మనిషి కాదని నా మనసు కొట్టుకుంటంది. నిన్ను అడిగాడా లేదా? ఆ ఒక్క ముక్క చెప్పు."

"నేను చూళ్ళేదమ్మా" అన్నాడు త్రికోటయ్య, నేల చూస్తూ.

ఆమె వెళ్ళిపోయాక ప్రభావతి పొయ్యి కట్టేసి వచ్చింది. "అడిగాడు గదా?" అంది. ఆయన గోడ వైపు తిరిగాడు. "నీ కళ్ళ గుట్టు ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నా. అది నీ గుట్టు గాబట్టి మోశా. ఇది ఆయమ్మ మొగుడి పేరు. ఇది నేను మొయ్యలేనయ్యా."

ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టి అవతలికి పోయేది.

పదిహేనో రోజున ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణకొచ్చాడు. ఆఫీసు గదిలో వెంకటేష్, త్రికోటయ్య. భావనను కూడా పిలిపించారు. గుమ్మం బయట కరుణమ్మ, హమాలీలు. తెరలో లోపముందా అని ఇన్‌స్పెక్టరు అడిగితే భావన నోటు పుస్తకం తెరిచింది. "రంగులు తెలుస్తున్నాయా అని ఆపరేటరుగారిని అడిగాను సార్. బ్రహ్మాండంగా ఉందన్నారు" అని చదివింది.

వెంకటేష్ ఊపిరి పీల్చుకున్నాడు. "చూశారా సార్, మిషనుదేం తప్పు లేదు. ఆ చచ్చిపోయినోడే..."

త్రికోటయ్య లేచాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. "సార్, ఆ అమ్మాయి రాసింది నిజమే. నేను చెప్పింది అబద్ధం. నాకు ఎరుపూ పచ్చా ఒకటే. పుట్టుక నుంచీ అంతే."

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. "ఏమయ్యా, ఈ ఊళ్ళో పుట్టి మిరపకాయ రంగు తెలియదంటావా? కేసు పక్కదారి పట్టిద్దామనా?" అన్నాడు. ఎదురుగా బజ్జీల బండి దగ్గర్నుంచి రెండు మిరపకాయలు తెప్పించాడు, ఒకటి పండుది, ఒకటి పచ్చిది. బల్ల మీద పెట్టి, ముట్టుకోకుండా చెప్పమన్నాడు.

ముట్టుకుంటే చెప్పేవాడే. పండుకాయ వేలికి మెత్తగా తగులుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. యాభై మూడేళ్ళ మనిషి, పిల్లలకు తెలిసిన ముక్క చెప్పలేక అందరి ముందూ చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. బతుకంతా ఏ నవ్వుకు భయపడ్డాడో ఆ నవ్వు కోసం చూశాడు. ఎవ్వరూ నవ్వలేదు.

"తెలీదు సార్" అన్నాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "కరుణమ్మా, అడిగాడమ్మా. లోపల ఘాటుగా ఉంది, పోవచ్చా అన్నా అని అడిగాడు. నేనే పొమ్మన్నా."

కరుణమ్మ ఏడవలేదు. గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"ఈ మాట ఆ రోజే చెప్పుంటే" అంది, "పెట్టె దించేటప్పుడు నేను ఆయన్ని తిట్టేదాన్ని కాదు గదన్నా. తిట్టి పంపించాను. ఇప్పుడెవురికి చెప్పుకోను?"

త్రికోటయ్య తన సంతకమున్న కాయితం ఇన్‌స్పెక్టరు ముందుకు తోసి, ఇది కూడా అబద్ధమేనన్నాడు.

ఉద్యోగం పోయింది. ఆయన మీదా కేసు పెట్టారు, వెంకటేష్ మీదా పెట్టారు. వెంకటేష్‌కి పెద్ద వకీలున్నాడు. త్రికోటయ్య జామీను మీద బయటికొచ్చి నరసరావుపేట కోర్టుకి వాయిదాలకు తిరుగుతున్నాడు. కరుణమ్మ పరిహారం అర్జీ కదిలిందంటున్నారు గానీ ఇంకా చేతికేమీ రాలేదు. ప్రభావతి ఆయనతో మళ్ళీ మాట్లాడుతోంది, అవసరం మేరకు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం భావన ఇంటికొచ్చింది. మనిషి చిక్కిపోయింది. "ఇలా రంగులు తెలియనివాళ్ళు ఉంటారని మాకు తెలుసు బాబాయ్. చుక్క పక్కన మాట కూడా రాయాలనుకున్నాం. టైం లేదని వదిలేశాం" అంది, తల ఎత్తకుండా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా ఆ పిల్ల పట్టుకోవడానికైనా వచ్చింది. ఫోనులో కొత్త తెర తెరిచి ఆయన చేతికిచ్చింది. గడికి రెండు బొమ్మలు, పైన ఒకటి, కింద ఒకటి. పక్కన పెద్ద తెలుగు అక్షరాలు. "ఎలా ఉంది బాబాయ్?"

"బాగుందమ్మా" అనబోయాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? నోట్లోనే ఆపుకున్నాడు.

"బాలేదమ్మాయ్. ఎండ పడితే ఈ అక్షరం కనపడదు, ఇంకా నల్లగా చెయ్యి. మోత ఆపే మీట ఓనరు చేతికియ్యమాకు. ఇంకోటి, ఎవుర్నన్నా బాగుందా అని అడిగేటప్పుడు యజమాని పక్కనుండగా అడగమాకు. నిజం చెప్పరు." ఫోను ఒడిలో పెట్టుకున్నాడు. "లోపలికి పోయేవాడు అడిగినట్టు అందులో పడాలి. వాడి పేరు, అడిగిన టైము. రేపు ఎవురూ ఆడు అడగలేదని రాయకుండా ఉండాలి."

భావన అక్కడే కూర్చుని లాప్‌టాప్ తెరిచి ఆ గడి చేర్చింది. ప్రభావతి మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, పోకుండా అక్కడే నిలబడింది.

"చూద్దాం బాబాయ్. ఏదో ఒక పేరు చెప్పు, కొట్టి చూస్తా" అంది భావన.

త్రికోటయ్య చెప్పాడు. ఆ పిల్ల వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత నెమ్మదిగా కొట్టింది. ఫోను తెర మీద వచ్చింది: ఆరోగ్యస్వామి, అయిదో చాంబరు, లోపలికి వెళ్ళవచ్చా అని అడుగుతున్నారు. దాని కింద రెండు మీటలు. పైన 'వద్దు', కింద 'వెళ్ళవచ్చు'.

త్రికోటయ్య 'వద్దు' నొక్కాడు. తెర సరేనని మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాడు. అది అడిగినప్పుడల్లా పై మీటే నొక్కుతూ కూర్చున్నాడు. ప్రభావతి వంగి ఫోను తీసుకునేదాకా ఆయన వేలు ఆగలేదు.