ఆఖరి కూత పులివెందులలో

శనివారం ఉదయం ఆరున్నరకు ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాం. మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు కబడ్డీ నాకౌట్ పోటీలు పెట్టడం ఇదే తొలిసారి. ఓడిన జట్టు నేరుగా ఇంటికే. తొలి ఆట మా ఊళ్లోనే గెలిచి, నా భార్య సుజాత జట్టు సెమీఫైనల్‌కు చేరింది. ఆ రోజు బేరాలు వదిలి పోలేకపోయాను. ఈసారి బట్టలంగడి మూసి బయలుదేరాను.

తొమ్మిది మంది ఆడవాళ్లకు ఉచిత టికెట్లు కొట్టి కండక్టరు నావైపు తిరిగాడు. "ఏమప్పా, ఇంతమందిలో దుడ్లిచ్చేది నువ్వొక్కడివేనా?"

బస్సంతా నవ్వింది.

జమ్మలమడుగులో దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. సుజాత రెండు అరటిపండ్లతో సరిపెట్టుకుంది. తొమ్మిదిన్నరకు ఆట మొదలైంది. కాలేజీలో ఆమె జిల్లా జట్టుకు ఆడింది. పెళ్లయ్యాక "అంగడోళ్ల కోడలికి ఇవన్నీ ఎందుకు" అని మాన్పించింది నేనే. ఈ పోటీల కోసమే మళ్లీ బరిలోకి దిగింది. పదహారేళ్ల కాపురంలో ఆమె కూత వినడం అదే మొదటిసారి. గుక్క తిప్పుకోకుండా ఎదుటి జట్టులోకి దూసుకుపోయి, ఇద్దరిని తాకి, వెనక్కి దూకింది. నా పక్కన బెంచీ మీదున్న మాబున్ని, జట్టులో అదనపు ఆటగత్తె, "నోరు మూసుకో అన్నా, దుమ్ము పోతాది" అంది.

గెలిచాం. ఒంటిగంటన్నర బస్సుకు ముద్దనూరు, అక్కడ మారి నాలుగింటికి పులివెందుల. జట్టుకు బడిలో గది ఇచ్చారు. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రమే, వేడినీళ్లు మాత్రం లేవు.

ఆదివారం పదింటికి పులివెందుల జట్టుతో ఫైనల్. ఆఖరి కూతకు మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. సుజాత ఒకామెను తాకి తిరిగింది. అంతలో పొడుగాటి అమ్మాయి ఆమె చీలమండ పట్టేసింది. సుజాత పొట్ట మీద పాకుతూ చెయ్యి చాచింది. గీతకు జానెడు దూరంలో కూత ఆగిపోయింది. ఓడిపోయాం.

పట్టుకున్న అమ్మాయే ఆమెను లేపి, మోకాళ్ల మట్టి దులిపింది. "కాలు జారిపోయింటే మా పని అయిపోతా ఉన్నింది అక్కా. పా, మా ఇంట్లో సంగటి తిని పోదువు" అంది. అందరం పోయాం. అంత కమ్మటి సంగటి, నాటుకోడి పులుసు నేనెక్కడా తినలేదు.

మూడున్నరకు తిరుగు బస్సు. పక్క సీటు పెద్దామె మా జట్టు నవ్వులు చూసి అడిగింది. "గెలిస్తిరా?"

"లేదు పెద్దమ్మా, ఓడిపోతిమి" అంది మాబున్ని.

"మల్ల ఇంతగా నగుతాండారు?"

జట్టంతా మళ్లీ నవ్వింది.

వచ్చే ఏడాది ఈ పోటీలకు పోదలచినవారు గొడుగు తీసుకుపోండి. మైదానాల్లో నీడ తక్కువ. మిగతా ప్రయాణమంతా సుఖమే.

ముద్దనూరు దాటాక నెమ్మదిగా అన్నాను. "ఆ పొద్దు నేను వద్దనింది తప్పే."

సుజాత నావైపు తిరిగింది.

"సరేలే మామా. రేపటినుంచి వారానికి మూడు పొద్దులు వంట నువ్వు సూసుకో. నాకు ప్రాక్టీసుండాది."

"సోమవారం ఏం చెయ్యాల?" అని అడిగాను.

"ఉప్మా చెయ్. చెడగొట్టినా తింటాం."