చైను కట్టనివ్వని మరియమ్మ

రిటైరవడానికి మూడేళ్ళ ముందు నన్ను స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా కొల్లేరు ప్రాంతానికి బదిలీ చేశారు. సార్వా, అంటే ఖరీఫ్ వరి, కోతలకు ముందు, ముసురు పట్టిన రోజుల్లో చేరాను. ఫైర్ స్టేషన్ అంటే మంటలార్పడమే అనుకుంటారు గానీ, అక్కడ మాకు వచ్చే కాల్స్ చాలావరకు నీళ్ళకూ బురదకూ సంబంధించినవే.

రెండో వారంలో ఒక ఉదయం కలిదిండి వైపు నుంచి ఫోన్ వచ్చింది. చేపల చెరువు గట్టు జారి, మేత బస్తాలు దింపి వస్తున్న ట్రాక్టర్ నీళ్ళలోకి ఒరిగిపోయిందట. డ్రైవర్ కింద చిక్కుకున్నాడు. లీడింగ్ ఫైర్‌మన్‌నూ నలుగురు ఫైర్‌మెన్‌నూ తీసుకుని బయలుదేరాను. గట్టు నానిపోయి ఉండడంతో బండిని తారు రోడ్డు మీదే ఆపి, జాకీలు, చెక్క పలకలు, దిమ్మలు భుజాన వేసుకుని నడిచాం.

అది చేపపిల్లలు పెంచే చిన్న చెరువు. డ్రైవర్ నాగరాజు ఎడమ కాలు మడ్‌గార్డు కింద ఉంది. నీళ్ళు అతని మెడ దాకా ఉన్నాయి. వెనక ఒకావిడ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని అతని తలను భుజానికి ఆనించి పట్టుకుంది. ఆమె మరియమ్మ, పెదపాడు నుంచి వచ్చిన కూలీల ముఠాకు మేస్త్రి. గట్టు మీద ఇంకో ట్రాక్టర్ సిద్ధంగా ఉంది. దాని చైను మాత్రం నేల మీదే పడి ఉంది.

"లాగేద్దామంటే ఈవిడ ఒప్పుకోవట్లేదండీ. గంటయ్యిందండీ," అన్నాడు చెరువు యజమాని, కాస్త కోపంగానే.

మరియమ్మ తల తిప్పకుండానే నాకు చెప్పింది. "ఇంజను ఆపించానండీ. కాలివేళ్ళు కదులుతున్నాయంటున్నాడండీ. నీళ్ళు ఇందాక గడ్డం మీదికి వచ్చేసినయ్యండీ. తూము తీయమంటే చేపపిల్ల పోద్దన్నారు. వల అడ్డం కట్టి తియ్యండని చెప్పాను. ఇప్పుడు రెండంగుళాలు తగ్గిందండీ."

అంత వరుసగా ఉన్న రిపోర్టు నాకు ఆఫీసర్ల నుంచి కూడా అరుదుగా వచ్చేది.

చైను ఎందుకు కట్టనివ్వలేదని అడిగాను. "మా అన్నయ్యని అలాగే లాగారండీ. ట్రాక్టరు మళ్ళీ దొర్లి మీద పడిందండీ. నేను ఆ చేలోనే నాట్లు ఊడుస్తున్నానండీ," అంది.

ఆమె చెప్పింది మా శిక్షణలో చెప్పిందే. పక్కకు పడ్డ ట్రాక్టర్ ఎటు దొర్లుతుందో లాగేవాడికి తెలియదు. అందుకే ముందు దాన్ని కదలకుండా తాళ్ళతో గట్టు మీది కొబ్బరి చెట్లకు బిగించాం. జాకీ బురదలో దిగిపోకుండా కింద పలకలు పరిచాం. అంగుళం లేపడం, వెంటనే దిమ్మ పెట్టడం, మళ్ళీ అంగుళం. కాలు చాలాసేపు నలిగి ఉంటే ఒక్కసారిగా విడిపించడం కూడా ప్రమాదమే, రక్తపోటు పడిపోవచ్చు. అందుకని అంబులెన్స్ సిబ్బంది వచ్చి సెలైన్ ఎక్కించేదాకా చివరి అంగుళం లేపలేదు.

ఆ ఎదురుచూపులో నాగరాజు ధైర్యం చెదిరింది. "అక్కా, కాలు తీసేస్తారా?" అని ఏడ్చాడు.

"నాకేం తెలుసురా? డాక్టరుగారు చెప్తారు. నువ్వు నా చెయ్యి వదలకు," అంది మరియమ్మ. అబద్ధపు ధైర్యం చెప్పలేదు. అతను చెయ్యి వదల్లేదు. మా ఫైర్‌మన్ ఒకడు ఆమె చోటులోకి వెళ్తానన్నా ఆమె కదల్లేదు. కాలు బయటికి వచ్చాక లేవబోతే ఆమె మోకాళ్ళు పట్టేశాయి, ఇద్దరం లేవనెత్తాం.

ఏలూరులో ఆపరేషన్ జరిగింది. కాలు నిలిచింది. కొద్దిగా కుంటుతూ నాగరాజు మళ్ళీ ట్రాక్టర్ ఎక్కాడు.

తర్వాత తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో డ్రైవర్లకు భద్రతా తరగతి పెట్టినప్పుడు మరియమ్మను పిలిచాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "గట్టు నానితే దిగి చూసి నడపండి. పడితే లాగకండి," అని రెండు ముక్కలు చెప్పింది. నా గంట ఉపన్యాసం కంటే అవే వాళ్ళు జాగ్రత్తగా విన్నారు.

మా రిపోర్టుల్లో "స్థానికులు సహకరించారు" అని ఒక్క వాక్యం రాయడం ఆనవాయితీ. ఆ రోజు అలా రాయలేదు. ఆమె పేరు, చేసిన పనులు క్రమంగా రాశాను. ఆ మిగిలిన మూడేళ్ళూ ఏ ప్రమాద స్థలానికి వెళ్ళినా, ఆర్డర్ ఇచ్చేముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: మేం రాకముందు ఇక్కడ పని నడిపించింది ఎవరు? చాలాసార్లు జవాబు చెప్పడానికి ఎవరో ఒకరు ఉండేవారు.