మగ్గం గుంతలో చెరువు నీళ్ళు

“నీ చెర్వు నీకే ముబారక్! నేనైతే రేపు పొద్దుగాల మగ్గం ఇప్పుతున్న,” అన్నాడు మా ఆయన.

“ఇప్పి ఏడ వెడ్తవ్? నెత్తిమీద వెట్టుకొని తిరుగుతవా?” అన్నాను నేను.

“బజార్ల రేకుల ఇల్లు మాట్లాడొచ్చిన. గుంత తవ్వుకొమ్మన్నడు ఇంటాయన.”

“ఖాళీ జేసేటప్పుడు?”

“పూడ్చి పొమ్మన్నడు.”

“మంచిగున్నది! తవ్వేది మనమే, పూడ్చేది మనమే, నడుమల కిరాయి కట్టేది గూడ మనమే.”

“మరి నీళ్ళల్ల కూసోని నేయమంటవా? పొద్దున తొక్కుడు చెక్క మీద కప్ప కూసున్నది. నేను కాలు వెట్టబోతే నా దిక్కు గుడ్లురిమి చూస్తుంది, ఇల్లు దానిదైనట్టు!”

మూలన రాట్నం ముందు నూలు కండెలు చుడుతున్న మా అత్త కిసుక్కున నవ్వింది. “దాన్ని గూడ పనికి వెట్టుకోరాదు కొడకా, కూలి అడుగది.”

మాది గుంత మగ్గం. నేసే మనిషి నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. మా ఇల్లేమో చెరువు కట్ట కింది సందులో చివరిది. ఆ ఏడు వానలు గట్టిగా పడి చెరువు నిండింది, ఎక్కువైన నీళ్ళు మత్తడి మీంచి దూకాయి. చెరువు నిండిన ఏడు మా ఊళ్ళో మనుషుల నడకే వేరు. బెల్లం కొనబోయినా దుకాణంలో ముందు నీళ్ళ సంగతే మాట్లాడతారు. చేపలు చవకవుతాయి. బట్టలుతికే బండల దగ్గర చోటు కోసం ఆడవాళ్ళ మధ్య మాటామాటా పెరుగుతుంది. మా ఆయన కూడా పొద్దుగూకగానే కట్టెక్కి మత్తడి చప్పుడు విని వచ్చేవాడు. ఆ నీళ్ళే ఊటగా మా గుంతలోకి దిగాయి. పొద్దున్నే నేను చెంబుతో ఎత్తిపోస్తే, మధ్యాహ్నానికి మళ్ళీ చీలమండల దాకా చేరేవి.

అయినా ఆ ఇల్లు వదిలే మాటే లేదు. గోడలు మేమిద్దరం మట్టి తొక్కి పెట్టుకున్నవి. పైగా ఎండాకాలంలో చెరువుకు దూరంగా నేసేవాళ్ళకు నూలు పుటుక్కు పుటుక్కున తెగుతుంది, మాకు చెరువు గాలికి దారం మెత్తబడి సాగుతుంది. వానాకాలం నీళ్ళకు భయపడి ఆ గాలిని వదులుకోవడం తెలివైన పని కాదు. నాకు అప్పుడూ అదే అభిప్రాయం, ఇప్పుడూ అదే.

అదే మాట అంటే ఆయన కాలు చాపి చూపించాడు. “గాలి ముచ్చట తర్వాత. జర గిది చూడు.”

వేళ్ళ సందులు తెల్లగా నాని, ఒరుసుకుపోయి, నెత్తురు కారుతోంది. నేను రోజూ పసుపూ నూనే రాస్తూనే ఉన్నాను, గుంతలో దిగగానే మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ కాళ్ళు ఆడితేనే మా పొయ్యి వెలిగేది. ఇక ఆ గుంతలో కూర్చోలేనని ఆయన అన్నది నిజమే. దానికి ఇల్లు విడవాలన్నది మాత్రం నిజం కాదు.

“గుంత కిందికే ఉండాలని ఎవలు జెప్పిండ్రు?” అన్నాను. “దాన్ని పూడ్చి, చుట్టూ మోకాలెత్తు అరుగు కట్టి, మగ్గం గూడ గంత పైకి లేపుదాం. అరుగు మీద కూసోని నడుమల కాళ్ళు ఇడువు. నీళ్ళు నీ కాలికి అందనే అందయ్.”

“గంత పైకి కూసుంటే నా నెత్తి దూలానికి తాకుతది.”

“తాకేటంత పొడుగుంటే నేను గూడ ఆలోచన జేద్దును.”

అత్త రాట్నం ఆపి మరీ నవ్వింది. ఆయనకు కోపం వచ్చింది. “నవ్వుండ్రి, అత్తాకోడండ్లు నవ్వుండ్రి! రేపు పొద్దుగాల బండి వస్తది, చెప్పొచ్చిన,” అని తువ్వాలు భుజాన వేసుకొని కట్ట దిక్కు వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చాక అన్నం పెట్టాను, తిన్నాడు. చెప్పాల్సింది చెప్పేశాను, రెండోసారి చెబితే బతిమాలినట్టుంటుంది. కాసేపటికి ఆయన మోకాలెత్తు బియ్యం డబ్బాను మగ్గం పక్కకు జరిపి, దాని మీద కూర్చుని చెయ్యి పైకెత్తాడు. దూలానికి చెయ్యి తగిలింది. తలకూ దూలానికీ మధ్య ఇంకా బోలెడు ఎడం ఉంది. నేను చూడనట్టే గిన్నెలు తోముకున్నాను.

మరునాడు పొద్దున్నే బండి వచ్చింది. మగ్గం ఎక్కించడానికి బండాయన తాళ్ళు తీస్తుంటే, మా ఆయన ఆపి, బండిని గుట్ట దిక్కు మళ్ళించమన్నాడు. బండి కిరాయి ఎట్లాగూ ఇచ్చేదే. దారిలో రేకుల ఇంటాయనకు ఇల్లు వద్దని చెప్పి, ఇద్దరూ బండి నిండా మొరం మట్టి తెచ్చారు. ఆలోపు నేనూ అత్తా కలిసి మగ్గం మీది పడుగు నూలును చాపలో చుట్టి పైన కట్టేశాం. నేను గుంతలో మిగిలిన నీళ్ళు ఎత్తిపోశాను. ఆయన మొదటి తట్ట మొరం అందులో పోశాడు.