ట్యాంకు మూత మీద ముడుపు

దెయ్యాలు, గాలులు, శకునాలు, వీటిలో ఏ ఒక్కటీ నా బుర్రకి ఎక్కదు. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లతో బతుకుతున్నవాణ్ణి. అనకాపల్లిలో నా షెడ్డుకి ఎవరైనా వచ్చి బండికి దిష్టి తగిలింది అంటే, దిష్టికి నా దగ్గర స్పేర్ పార్టులు లేవు బాబూ అని పంపేసే రకం. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మీ స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

జరిగింది మా బావ నూకరాజు పడవ మోటారు విషయంలో. నూకరాజు మా చెల్లెలు సత్యవతి భర్త. పూడిమడకలో చేపల వేట. ఫైబర్ పడవ, దాని వెనక తగిలించే మోటారు, అదే వాళ్ళ ఆస్తి. మనిషి బంగారం, కానీ తొందర ఎక్కువ. అన్నం కూడా నిలబడే తింటాడు.

ఆ మోటారుకి ఓ జబ్బు పట్టుకుంది. చక్కగా పోతూ పోతూ ఉన్నట్టుండి నీరసపడిపోతుంది. పూర్తిగా ఆగదు. గొంతు తగ్గిపోయి, పడవని ఈడ్చుకుంటూ పోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ మామూలే. ఒకరోజు రెండుసార్లు చేస్తుంది, ఇంకోరోజు అసలు చెయ్యదు. పూర్తిగా చచ్చిన ఇంజన్ని బాగు చెయ్యడం సుళువు. ఇలా దోబూచులాడేదే మెకానిక్ ప్రాణం తోడేస్తుంది.

సముద్రం మధ్యలో తగ్గితే పెద్ద నష్టం లేదు. ఒడ్డుకి వచ్చేటప్పుడు అలలు విరిగే చోట తగ్గితే మాత్రం పడవ అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. మా చెల్లెలి భయం అదే. పది రోజులుగా పడవని వేటకి పోనివ్వలేదు. నాకు ఫోన్ చేసి తేల్చి చెప్పేసింది.

"అన్నియ్యా, నువ్వు సూసి బాగైందని సెప్పు. నీ నోటితో సెప్తేనే ఈయన్ని పంపుతాను. లేదంటే మోటారు అమ్మేసి ఏదో కంపెనీలో పనికి పెట్టేత్తాను."

నూకరాజుని సముద్రం నుంచి విడదీస్తే ఏమవుతాడో నాకు తెలుసు. ఒకసారి ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. నెల తిరక్కుండా సగమైపోయి ఇంటికి వచ్చేశాడు. అలాగని తొందరపడి బాగైందని చెప్పేస్తే, తేడా వచ్చిన రోజున మా చెల్లెలి ముఖం నేను చూడలేను. అంతా నా ఒక్క మాట మీద పెట్టేసింది మహాతల్లి.

మోటారుని ఆటోలో వేసుకుని బావ మూడుసార్లు నా షెడ్డుకి తెచ్చాడు. డ్రమ్ములో నీళ్ళు పోసి, మోటారు దానికి తగిలించి గంటసేపు నడిపాను. ప్లగ్గులు మార్చాను. కార్బురేటర్ విప్పి కడిగాను. పెట్రోలు పైపు కొత్తది వేశాను. నా దగ్గర ఉన్నంతసేపూ మహా బుద్ధిమంతురాలు. ఊరికి వెళ్ళి, ఒడ్డు దగ్గరే ఓ చుట్టు తిప్పి చూస్తే మళ్ళీ మొదలు. మూడోసారి నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు వెలిగింది, మోటారైతే తెస్తున్నాడు గాని, దాని పెట్రోలు ట్యాంకు ఒక్కసారీ తేలేదు. నేను నడుపుతున్నది నా షెడ్డు ట్యాంకుతో.

"ట్యాంకు ఏది బావా?" అన్నాను.

తల గోక్కున్నాడు. "ముడుపు కట్టిన సామాను ఊరు దాటించకూడదు బావా. మా వోళ్ళు ఒప్పుకోరు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదా," అన్నాను. మూడుసార్లు ఆటో తోలించి, నాచేత డ్రమ్ములో ఈత కొట్టించాడు.

ఆదివారం పొద్దున్నే నేనే పూడిమడక వెళ్ళాను. పడవలో ట్యాంకు చూశాను. మూత చుట్టూ పసుపు గుడ్డ నాలుగైదు మడతలు వేసి బిగించి కట్టి ఉంది. లోపల రూపాయి బిళ్ళ, పైన గట్టిగా ఆరిపోయిన పసుపు ముద్ద. ఈ జబ్బు మొదలయ్యే ముందే సత్యవతి గంగమ్మకి మొక్కుకుని కట్టిందట. అసలు విషయం సగం అక్కడే అర్థమైంది. అయినా జబ్బుని కళ్ళారా చూడాలని ఏమీ ముట్టుకోలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు నలుగురు తోసిపెట్టారు. నేనూ, బావా ఇద్దరమే వెళ్ళాం.

పావుగంట బాగానే పోయింది. నీటి తుంపరలకి ముడుపు గుడ్డ బాగా తడిసింది. ఆ తర్వాత మోటారు గొంతు పడిపోయింది. పైపు మధ్యలో చేత్తో పిసికే రబ్బరు బుడ్డి ఉంటుంది. పట్టుకుని చూస్తే నలిపేసినట్టు లోపలికి పీక్కుపోయి ఉంది. ట్యాంకు మూత కొంచెం వదులు చేశాను. సుయ్ మని గాలి లోపలికి పోయింది. క్షణాల్లో మోటారు లేచింది.

మూత మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు బయటికి పోయేకొద్దీ అందులోంచి గాలి లోపలికి రావాలి. తడిసిన గుడ్డ, పసుపు ముద్ద కలిసి దాన్ని మూసేశాయి. గుడ్డ ఆరిన రోజున గాలి ఆడుతుంది, జబ్బు కనపడదు. ఇంతే సంగతి. గుడ్డ విప్పేసి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. పుల్లతో రంధ్రం శుభ్రం చేశాను. తర్వాత గంటకి పైనే, ఫుల్లుగా తిప్పి అటూ ఇటూ పరిగెత్తించాం. ఒక్కసారి కూడా తగ్గలేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చల్లగాలి, పల్చటి ఎండ, దొరికిన దొంగ. ఇంటి దగ్గర చెల్లెలు వంజరం పులుసు పెడతానంది. బావ కూనిరాగం తీస్తూ పడవ తిప్పాడు.

ఇక్కడివరకూ నాకు అన్నీ తెలుసు. ఇక్కడినుంచే తెలీదు.

ఒడ్డుకి వచ్చేటప్పుడు అలలు విరిగే గీతకి బయట పడవ ఆపి, రెండు మూడు పెద్ద అలలు పోనిచ్చి, చివరి దాని వెనకే లోపలికి వస్తారు. పద్ధతి అది. మా బావకి ఆ ఓపిక ఉండదు. ఎదుట నీళ్ళు చదునుగా కనపడ్డాయి. నాకూ ఆకలి వేస్తోంది. పోనియ్ అన్నాను. అవును, ఆ మాట నేనే అన్నాను. బావ యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పాడు.

సరిగ్గా గీత దగ్గర మోటారు గొంతు పడిపోయింది.

నా చెయ్యి రబ్బరు బుడ్డి మీదికి పోయింది. గట్టిగా, నిండుగా ఉంది. మూత తీశాను. గాలి చప్పుడేమీ లేదు, రంధ్రం తెరిచే ఉంది. బావ చెయ్యి చూశాను, యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పే ఉంది. మోటారు మాత్రం నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా కొట్టుకుంటోంది. పడవ ఉన్నచోటే ఊగుతోంది.

అంతలో మా కింద నీళ్ళు లేచాయి. అల మమ్మల్ని ఎత్తి, దించి, ముందుకి పోయి, రెండు పడవల దూరంలో విరిగింది. రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. మోటారు తగ్గకపోయి ఉంటే సరిగ్గా దాని కిందే ఉండేవాళ్ళం. వెనకే ఇంకోటి, ఇంకోటి. మూడోది విరిగాక, మేం ఏదీ ముట్టుకోకుండానే మోటారు లేచింది. ఆ అల వెనకే లోపలికి వచ్చి ఒడ్డెక్కాం.

మధ్యాహ్నం దాకా ఇసుక మీద కూర్చుని మోటారుని ముక్కముక్కలు చేశాను. పెట్రోలుని గాజుసీసాలో పట్టి ఎండకి పెట్టి చూశాను, చుక్క నీళ్ళు లేవు. ఫిల్టరు శుభ్రం. ప్లగ్గులు మంచి రంగులో ఉన్నాయి. కాయిల్, వైర్లు, ఆపే స్విచ్చి అన్నీ సరిగా ఉన్నాయి. నీళ్ళలో తిరిగే ఫ్యానుకి వల ముక్క గాని, కవరు గాని చుట్టుకోలేదు. ఏదో కాస్త చెత్త అడ్డుపడి పోయి ఉంటుందని మీరు అనొచ్చు. నేనూ అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. సరిగ్గా మూడు అలలసేపు అడ్డుపడే చెత్తని ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

భోజనాల దగ్గర ముడుపు తీసి సత్యవతి చేతిలో పెట్టాను. గాలి రంధ్రం మీద కడతారా ఎవరైనా, నీ మొక్కే మీ ఆయన్ని ముంచేసేది అని చెడామడా తిట్టాను. ఎక్కడైనా కట్టుకో, మూత మీద తప్ప అన్నాను. అన్నీ విని, జరిగింది మొత్తం రెండుసార్లు చెప్పించుకుంది.

"అయితే ఒడ్డుకొచ్చినప్పుడు మూత మీద ముడుపు నేదా?"

"లేదు. అప్పటికే విప్పి గంట దాటింది."

గరిటె పక్కన పెట్టేసింది. మోటారు ఆగకూడదని మొక్కుకున్నావా అని అడిగాను.

"కాదన్నియ్యా. మోటారు ఆగితే ఏటి, ఆగకపోతే ఏటి. ఈయన తొందర నీకు తెల్దా. అలల కాడ ఒక్క నిమిషం ఆగడు. కాత్త నువ్వే ఆపమ్మా అని మొక్కేను."

బావ మొదటిసారి కూర్చుని తింటున్నాడు. సంతోషమో భయమో తెలీదు, నా కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

ఆ తర్వాత ఆ మోటారు ఒక్కసారి కూడా తగ్గలేదు. బావ రోజూ వేటకి పోతున్నాడు. ఒడ్డుకి వచ్చేటప్పుడు గీత బయట ఆగి, అలలు లెక్కపెట్టుకుని మరీ వస్తున్నాడట. నాకు ఇప్పటికీ దెయ్యాల మీద నమ్మకం లేదు. గంగమ్మ సంగతి ఎవరైనా అడిగితే మాట మార్చేస్తాను.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే సత్యవతి ఆటో దాకా వచ్చింది. ఇంతకీ ఈయన్ని పంపమంటావా, బాగైందా అని అడిగింది. బాగైంది, పంపు అన్నాను. కారణం తెలియకుండా నేను గ్యారంటీ ఇచ్చిన పని ఇన్నేళ్ళలో అదొక్కటే.